ప్రెషర్ గాజు

సోంపేట స్టేషన్‌లో రైలెక్కిన నాటికి నాకు ఓ వంద ఇంగ్లీషు మాటలు వచ్చు. అన్నీ పనిముట్ల పేర్లే. వాటిలో సగం తప్పుగా పలుకుతున్నానని అబూదాబీ చేరాక గాని తెలియలేదు.

ఒత్తిడిని కొలిచే పరికరం పేరైన గేజ్ అనే మాటను అక్షరాలు కూడబలుక్కుని ‘గాజ్’ అని నేర్చుకున్నాను. కవిటిలో నాకు పని నేర్పిన మేస్త్రి కూడా అలాగే అనేవాడు. మన అలవాటు కొద్దీ చివర ఉకారం చేరి అది గాజు అయింది. పైపులైనుకు నీళ్ల పరీక్ష పెడుతున్న రోజున ‘సర్, ప్రెషర్ గాజు’ అని కేకేశాను. సూపర్‌వైజరుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ‘గాజ్, గాజ్’ అని పక్కవాళ్లకు చెప్పి మరీ నవ్వాడు. ఆయన నవ్వు కంటే మనవాళ్ల నవ్వే ఎక్కువ గుచ్చుకుంది. వేరే జిల్లా నుంచి వచ్చిన ఫిట్టరొకడు ‘మీ శ్రీకాకుళంలో ప్రెషర్‌కు గాజులు తొడుగుతారా?’ అన్నాడు. ఆరు నెలల పాటు క్యాంపులో నేను గాజులాయన్నే. నా తెలుగు యాసను చూసి అంతకుముందే నవ్వుతున్నవాళ్లకు ఇదొక అదనపు సరుకు.

ఇక నోరు కట్టేసుకున్నాను. కావలసినదాన్ని వేలితో చూపించి పని నడిపేవాణ్ణి. అది ఎంత ప్రమాదమో మరో పరీక్ష రోజున తెలిసింది. ఈ పరీక్షలో గొట్టాన్ని నీటితో నింపి, డిజైన్ ప్రెషర్‌కు, అంటే గొట్టం తట్టుకోవాలని లెక్కగట్టిన ఒత్తిడికి, ఒకటిన్నర రెట్ల దాకా ఎక్కించి నిలబెడతారు. పంపు నడుస్తోంది, గేజ్‌లో ముల్లు మాత్రం కదలడం లేదు. గేజ్ చెడిపోయిందని నాకు తెలుస్తూనే ఉంది. చెప్పాలంటే ఆ మాటే అనాలి. అర నిమిషం తటపటాయించి, చివరకు పరుగెత్తి పంపు దగ్గరున్న బంగ్లాదేశ్ కుర్రాడి భుజం పట్టుకుని ఆపాను. గేజ్ కింది వాల్వు మూసి, కొత్తది బిగించి, మళ్లీ తెరిస్తే ముల్లు ఉండవలసిన గీత దాటి నిలబడింది. అతుకుల మధ్య నీరు కారకుండా పెట్టే గాస్కెట్ తట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

తర్వాత అందరి నోళ్లూ గమనించడం మొదలుపెట్టాను. అరబిక్‌లో ‘ప’ లేదు. మా అరబ్ ఫోర్‌మన్‌కు పైపు ‘బైబ్’, పార్కింగ్ ‘బార్కింగ్’. బరువులెత్తించే ఫిలిప్పీన్స్ రిగ్గరు నోట ‘ఫ’ కాస్తా ‘ప’ అయ్యేది, ఐదు పైపులు అడిగితే ‘పైప్ పైప్’ అని వినిపించేది. గొట్టం మందాన్ని షెడ్యూల్ 40, షెడ్యూల్ 80 అని చెబుతారు కదా, దాన్ని అమెరికా ఇన్‌స్పెక్టరు ‘స్కెడ్యూల్’ అనేవాడు, ఇంగ్లండ్ ఇన్‌స్పెక్టరు ‘షెడ్యూల్’ అనేవాడు. వాళ్లిద్దరిలో తప్పెవరిదని ఎవరూ అడగలేదు. ఫోర్‌మన్ బైబ్‌కూ ఎవరూ నవ్వలేదు. నవ్వులన్నీ మా జీతాల దగ్గరికి దిగాకే మొదలయ్యేవి.

ఇళ్లకు డబ్బు పంపే కౌంటరు దగ్గర ‘రిసీప్ట్’ అని అడిగి మరోసారి భంగపడ్డాను. అందులో ‘ప’ పలకకూడదట. పలకని అక్షరం అక్కడ ఎందుకుందయ్యా అంటే, లాటిన్ మూలాన్ని గుర్తుచేయడానికి వెనకటి పండితులు చేర్చారట! అప్పు అనే అర్థమున్న ‘డెట్’ లోపలి ‘బి’ కథా ఇంతే. మన రశీదుకు ఈ తంటా లేదు.

‘జీరో’లో మొదటి అక్షరం మన నోట సరిగా రాదని కూడా నవ్వేవారు. నిజమే, ఆ ధ్వని మన తెలుగుకు అలవాటు లేదు. మా ఆవిడది విజయనగరం. ఆమె పాస్‌పోర్టులో ఆ ఊరి పేరు చూస్తే, సరిగ్గా ఆ జెడ్ అక్షరమే మధ్యలో కూర్చుని ఉంటుంది. శ్రీకాకుళమైతే దొరల కాగితాల్లో ఏకంగా ‘చికాకోల్’. అలా పలికిన కలెక్టరును చూసి కచేరీలో ఎవరైనా పకపకా నవ్వి ఉంటారా?

ఇన్ని తెలిసి నేను మారానా అంటే, అదీ లేదు. ఆ మరుసటి ఏడాది ఇచ్ఛాపురం నుంచి వచ్చిన కొత్త కుర్రాడు ‘బి’ పలకకూడని ప్లంబరును ‘ప్లంబ్‌బర్’ అంటే అందరికంటే ముందు నవ్వింది నేనే. వాడు తల వంచుకుని గదిలోకి వెళ్లిపోయాక గాని నాకు నా గాజు గుర్తుకు రాలేదు.

ఈసారి సెలవుకు కవిటి వస్తే మా అక్క కొడుకు సింగపూర్‌లో పనికి వెళ్లేవాళ్లకు పెట్టే ట్రేడ్ టెస్టుకు సిద్ధమవుతున్నాడు. 45 డిగ్రీల వాలులో బిగించిన గొట్టానికి చుట్టూ వాడు వేసే అతుకు చూసి నాకే ఈర్ష్య కలిగింది. కానీ ఇంగ్లీషులో ఒక్క ప్రశ్న అడిగితే నేల చూస్తాడు.

“తప్పుగా పలికితే నవ్వుతారేమో మావయ్యా.”

“నవ్వుతారు. అయినా పంపు ఆపించాల్సి వస్తే ఆ తప్పు మాటే గట్టిగా కేకెయ్యి.”

కొబ్బరి చెట్ల కింద మంచం వేసుకుని ‘గేజ్’ అని పదిసార్లు అనిపించాను. పదకొండోసారి చక్కగా ‘గాజు’ అన్నాడు.

వంటింట్లోంచి అక్క కేకేసింది, “ఎవరికిరా గాజులు?”