లెక్క ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

మా నాయన తరంలో మక్తల్, నారాయణపేట వైపు పల్లెల్లో మేస్త్రీ చెప్పిందే లెక్క. గుంపు మేస్త్రీ ఊరికొచ్చి అడ్వాన్స్ చేతిలో పెడితే చాలు, మొగుడూ పెళ్లాం చంటిపిల్లను చంకనేసుకుని ఆనకట్ట కట్టే చోటికో, కాలువ తవ్వే చోటికో బయల్దేరేవాళ్లు. దేశంలో ఏ మూల పెద్ద ప్రాజెక్టు కట్టినా అక్కడ పాలమూరు లేబర్ కనిపించేది. తిండి గింజలకు ఎంత పోయింది, జ్వరమొచ్చి పడుకున్న రోజులెన్ని, అడ్వాన్స్‌లో ఎంత తీరింది, ఇవన్నీ మేస్త్రీ దగ్గరుండే చిన్న పుస్తకంలో ఉండేవి. నాయనకు చదువు రాదు. పని ముగిశాక మేస్త్రీ ఆ పుస్తకం తెరిచి "నీ దిక్కు ఇంకా బాకీ ఉంది" అంటే వేలిముద్ర వేసి మళ్లీ ఏడాదికి ఒప్పుకునేవాడు. ఒళ్లు హూనమయ్యేలా పనిచేశాడు కానీ, ఇంత పని చేశానని చూపించుకోవడానికి ఆయన దగ్గర ఒక్క కాగితం ముక్క కూడా ఉండేది కాదు.

నేను షార్జాలో ఉంటూ దుబాయ్‌లో ఏసీ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. డిజిటల్ టెక్నాలజీ ప్రపంచాన్ని మార్చేస్తోందని రోజూ వింటుంటాం. ఆ మాటల్లో ఎక్కువగా పెద్ద కంపెనీలు, కోడింగ్ నేర్చుకునే పిల్లలే ఉంటారు. మాలాంటి చేతిపని వాళ్లకు ఆ మార్పు మేలు చేసిందా లేదా అని చూడాలంటే, మా కష్టం లెక్క ఎవరి చేతిలో ఉందో చూడాలి. నాకు తెలిసిన కొలత అదే.

ముందు జీతం సంగతి. యూఏఈలో 2009లో వేతన రక్షణ వ్యవస్థ వచ్చింది. ఇక్కడ అందరూ డబ్ల్యూపీఎస్ అంటారు. కంపెనీ జీతాన్ని బ్యాంకు ద్వారానో, ఎక్స్ఛేంజ్ ద్వారానో వేయాలి. ఎవరికి ఎంత వేసిందో ఆ ఫైలు సెంట్రల్ బ్యాంకు వ్యవస్థ గుండా పోతుంది, కార్మిక మంత్రిత్వ శాఖకు కనిపిస్తుంది. బ్యాంకు ఖాతా లేని వాళ్లకు జీతం కార్డు ఇస్తారు. అంతకు ముందు ఇక్కడ పనిచేసిన పెద్దవాళ్లు చెబుతుంటారు, కూలివాళ్లు ఉండే లేబర్ క్యాంపులో కవర్లో డబ్బు పెట్టి సంతకం పెట్టించుకునేవాళ్లట. నెలల తరబడి ఇవ్వకపోయినా, ఇవ్వలేదని రుజువు చేయడం కూలివాడి వల్ల అయ్యేది కాదు. ఇప్పుడు జీతం పడితే నా ఫోన్ మోగుతుంది. పడకపోతే ఆ సంగతి నేను చెప్పకముందే సర్కారు కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఎన్ని కొత్త యాప్‌లు వచ్చినా, ఎన్ని ఏఐలు వచ్చినా, కూలివాడికి డిజిటల్ చేసిన అతి పెద్ద మేలు ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే ఇందులోనూ సందులున్నాయి. డబ్బు ఖాతాలో పడిందా లేదా అన్నదే ఆ వ్యవస్థ చూస్తుంది. ఎన్ని గంటలు చేయించుకుని అంత వేశారో దానికి తెలియదు. చిన్న కంపెనీల్లో కొందరు ఫోర్మన్లు కార్డులు తమ దగ్గరే పెట్టుకుని, పిన్ కూడా తమకే చెప్పమంటారని విన్నాను. అలాంటి చోట మేస్త్రీ పుస్తకం ప్లాస్టిక్ కార్డుగా మారింది, అంతే. కొత్తగా వచ్చే మన పిల్లలకు నేను మొదట చెప్పే మాట కార్డు, పిన్ ఎవరికీ ఇవ్వొద్దనే.

ఇక పని. నేను చేరిన కొత్తలో సూపర్‌వైజర్ పొద్దున్నే చీటీ రాసిచ్చేవాడు, ఏ బిల్డింగు, ఏ ఫ్లాటు అని. ఇప్పుడు పని ఫోన్‌లోకి వస్తుంది. యూనిట్ మీద అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే టైమర్ మొదలవుతుంది. విప్పే ముందు ఒక ఫోటో, ముగిశాక ఒక ఫోటో, ఇంటివాళ్ల సంతకం కూడా తెర మీదే. ఆగస్టులో ఒకరోజు ఒక ఫ్లాట్‌లో సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయని పని వచ్చింది. యాప్ ఇచ్చిన సమయం 45 నిమిషాలు. డ్రెయిన్ పైపు మూసుకుపోయి ఉంటుందనుకుని ఫాల్స్ సీలింగ్ విప్పాను. ట్రే శుభ్రంగా ఉంది, మా పైపులో ఏ అడ్డూ లేదు. చేత్తో తడుముకుంటూ పోతే తడి పై అంతస్తు నుంచి దిగుతోంది. పై ఫ్లాటు తలుపు తీయించాలంటే సెక్యూరిటీ రావాలి, ఓనర్‌కు ఫోన్ చేయాలి. టైమర్ ఎరుపెక్కింది. ఆలస్యానికి కారణం ఎంచుకోమని తెర మీద ఒక జాబితా వచ్చింది. విడిభాగం లేదు, ఇంట్లో మనుషులు లేరు, లోపలికి అనుమతి దొరకలేదు... తప్పు ఇంకొకరి ఇంట్లో ఉందని చెప్పే గడి మాత్రం అందులో లేదు. ఆ నెల నా రికార్డులో అది 'ఆలస్యం' అనే ఉండిపోయింది. తల ఎత్తి సీలింగ్ చూసే మనిషి ఒక్కడు అక్కడ ఉంటే అర నిమిషంలో అర్థమయ్యే సంగతి అది.

పెద్ద బిల్డింగుల్లో మార్పు ఇంకా లోతుగా ఉంది. బిల్డింగంతా చల్లబరచడానికి నీళ్లను చల్లగా చేసే పెద్ద మెషిన్లను చిల్లర్లంటారు. వాటికి, పంపులకు సెన్సర్లు పెట్టారు. మోటార్ ఎంత అదురుతోంది, ఎంత కరెంటు లాగుతోంది, నీళ్లు ఎంత చల్లగా పోయి ఎంత వేడిగా తిరిగొస్తున్నాయి, అన్నీ కంట్రోల్ రూమ్‌లో కనిపిస్తాయి. బేరింగ్ పోకముందే, పోబోతోందని అలారం వస్తుంది. ఇంతకుముందు కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి, చప్పుడు విని కనిపెట్టేవాళ్లం. అది బాగా తెలిసిన సీనియర్లకు గౌరవం ఉండేది. ఇప్పుడు నైట్ షిఫ్ట్‌లో మనుషులు తగ్గిపోయారు. మొదట పోయింది హెల్పర్లు. కంట్రోల్ ప్యానెల్ చదవడం, అలారం కోడ్ అర్థం చేసుకోవడం నేర్చుకున్నవాళ్లు నిలబడ్డారు. నేనూ వీడియోలు చూసి, ఒక మలయాళీ ఇంజనీర్ దగ్గర అడిగి నేర్చుకున్నాను. రోజుకు చేసే పనులు పెరిగాయి. జీతం మాత్రం ఆ లెక్కన పెరగలేదు. మెషిన్ వల్ల మిగిలిన సమయంలో, డబ్బులో కూలివాడి వాటా ఎంత అని ఇక్కడ అడిగేవాళ్లు లేరు. నాకు బాధ కలిగించేది అదే.

కానీ మాకు పనులు పంపే ఆ యాప్‌లోనే ఒక ఆయుధం దొరికింది. ప్రతి పనికీ నంబరు, మొదలైన సమయం, ముగిసిన సమయం ఉంటాయి కదా, నేను వాటిని స్క్రీన్‌షాట్ తీసి నెలవారీగా పెట్టుకుంటాను. ఒక ఎండాకాలం ఓవర్‌టైమ్ జీతంలో కనబడలేదు. స్క్రీన్‌షాట్లన్నీ వరసగా పేర్చి సూపర్‌వైజర్ ముందు పెట్టాను. ఆయన సిస్టమ్‌లో సరిచూశాడు, తర్వాతి నెల డబ్బు వచ్చింది. గొడవ లేదు, బతిమాలడం లేదు.

క్యాంపులో దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన ఒక అన్న ఉన్నాడు. చదువుకోలేదు. ఆయన ఫోన్ వాడే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. మెసేజ్ అంటే ఆయనకు వాయిస్ మెసేజే. అరబ్బు ఇంట్లో పనికి పోతే తెలుగులో మాట్లాడి, ఫోన్ చేత అరబిక్‌లో పలికిస్తాడు. జీతం చీటీని ఫోటో తీసి, తెలుగులో చదివించుకుని వింటాడు. అంకెలు ఒక్కోసారి తప్పు పలుకుతుందని, చివరి మొత్తాన్ని నాతో సరిచూసుకుంటాడు. "తమ్మీ, దీనికి నన్ను చూస్తే విసుగు రాదు, పదిసార్లు అడిగినా చెప్తది" అంటాడు. అది విన్నప్పుడల్లా నాయన గుర్తొస్తాడు. మేస్త్రీ పుస్తకం చదివిపెట్టే మనిషి ఒక్కరు దొరికుంటే ఆయన ఎన్ని ఏళ్లు మిగుల్చుకునేవాడో.

వేలిముద్రల దగ్గర మాత్రం మెషిన్‌కూ కూలివాడికీ ఇంకా పొత్తు కుదరలేదు. మట్టి, రాయి మోసిన మా అమ్మ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో ఒక వేలు పడకపోతే ఇంకో వేలు, అదీ పడకపోతే కన్ను చూపించాలి. ఏసీ కాయిల్స్ కడిగే కెమికల్స్‌తో మా వేళ్లూ అంతే. ఇక్కడ హాజరుకు ముఖం చూసే మెషిన్ పెట్టాక ఆ టెన్షన్ పోయింది.

డబ్బు పంపే పద్ధతి మారడం వల్ల ఇంట్లో మారిన సంగతులు ఇంకా పెద్దవి. ఒకప్పుడు సెలవు రోజు పొద్దంతా ఎక్స్ఛేంజ్ ముందు క్యూలో పోయేది. అంతకు ముందైతే డ్రాఫ్టు తీసి రిజిస్టర్డ్ పోస్టులో పంపడమే. ఇప్పుడు మంచం మీద కూర్చుని యాప్‌లో పంపితే నిమిషాల్లో మా ఆవిడ ఖాతాలో పడుతుంది. రిజర్వ్ బ్యాంక్ సర్వే ప్రకారం 2023-24లో మన దేశానికి విదేశాల నుంచి వచ్చిన ప్రవాసుల సొమ్ములో యూఏఈ వాటా 19.2 శాతం, అమెరికా వాటా 27.7 శాతం. అందుకున్న రాష్ట్రాల్లో తెలంగాణకు 8.1 శాతం వచ్చింది. అమెరికా సొమ్ములో ఎక్కువ భాగం చదువుకున్న పిల్లలది అయ్యుండొచ్చు. గల్ఫ్ సొమ్ములో ఎక్కువ భాగం చెమటది.

వెనకటికి డబ్బు అన్న పేరునో, మామ పేరునో వచ్చేది. ఇంటి ఆడమనిషి ఉప్పుకూ పప్పుకూ వాళ్లను అడగాలి. ఇప్పుడు ఖాతా మా ఆవిడది, ఫోన్ ఆమెది. 2016లో మొదలైన యూపీఐ మా ఊరి కిరాణా కొట్టు దాకా వచ్చేసింది. డబ్బు పడిందని డబ్బా గట్టిగా చెబుతుంది. సంఘం కిస్తీ, పిల్లల ఫీజు, ట్రాక్టర్ కిరాయి అన్నీ ఆమే కడుతుంది. నేను ఒకసారి ఒక చుట్టానికి చేబదులు ఇద్దామంటే, "పోయినసారి ఇచ్చిందే రాలేదు, ఇదిగో తేదీతో సహా ఉంది" అని ఫోన్ చూపించింది. ఇంట్లో లెక్క ఆమె చేతికి వచ్చాక మా సంసారం గట్టిపడింది. నిజం చెప్పాలంటే భూమి కొన్నప్పుడు కూడా నాకు ఇంత ధీమా కలగలేదు.

ఓటీపీల బాధ మాత్రం చాలామందికి తప్పలేదు. ఖాతాకు ఇండియా నంబరు ఉంటుంది, రీచార్జ్ మర్చిపోతే సిమ్ ఆగిపోతుంది, సిమ్ ఆగితే సొంత డబ్బు కూడా చేతికి అందదు. 2023 నుంచి యూఏఈ, సౌదీ, ఒమన్, ఖతార్ సహా 10 దేశాల నంబర్లతో, ప్రవాసులు మన బ్యాంకుల్లో తెరిచే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు యూపీఐ పెట్టుకునే వీలు ఇచ్చారు. ఆ సంగతి క్యాంపుల్లో ఇప్పటికీ సగం మందికి తెలియదు.

ఇదే ఫోన్ మన పిల్లలను ముంచుతోంది కూడా. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని పిలిపించి, సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాలు చేయించే ముఠాలు ఉన్నాయి. 2025 మార్చిలో అలాంటి చోట్ల నుంచి 549 మంది భారతీయులను వైమానిక దళం విమానాల్లో వెనక్కి తీసుకొచ్చారు. నాయన కాలంలో మేస్త్రీ ఎవరో, ఏ ఊరివాడో కనీసం తెలిసేది. ఇప్పుడు ఏజెంటు ఒక ప్రొఫైల్ ఫోటో మాత్రమే. ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. పాస్‌పోర్టు చేతికివ్వకముందే చూసుకోవాలి.

మా మేనల్లుడు మహబూబ్‌నగర్‌లో ఐటీఐ చేస్తున్నాడు, 2 ఏళ్ల ఏసీ, ఫ్రిజ్ మెకానిక్ ట్రేడ్. "మామా, అయిపోగానే నన్ను కూడా పిలిపించు" అంటున్నాడు. ముందు షాద్‌నగర్ వైపు చూడమని చెప్పాను. 2016లో జిల్లాలు విడదీసేదాకా షాద్‌నగర్ మన పాలమూరు జిల్లాలోదే. ఇప్పుడు ఆ చుట్టుపక్కల, చందన్‌వెల్లి వైపు డేటా సెంటర్లు వచ్చాయి. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ పేరుతో తన డేటా సెంటర్లు మొదలుపెట్టింది, మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలో 15,000 కోట్ల పెట్టుబడి ప్రకటించింది. క్లౌడ్ అని అందరూ అంటున్నది అక్కడి సర్వర్లనే. ఆ సర్వర్లు మింగే కరెంటంతా వేడిగానే బయటికొస్తుంది. రాత్రింబవళ్లు చల్లబరచకపోతే ఆగిపోతాయి. అంటే చిల్లర్లు, పంపులు, కంట్రోల్ ప్యానెల్స్, నేను దుబాయ్‌లో చేసే పనే. రాష్ట్ర ప్రభుత్వం 2024లో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడం మొదలుపెట్టింది. ఏసీ ట్రేడ్ పిల్లలకు విండో ఏసీ విప్పడంతో సరిపెట్టకుండా చిల్లర్ కంట్రోల్స్, అలారం కోడ్‌లు నేర్పితే, సొంత ఇంటి నుంచి బస్సెక్కి డ్యూటీకి పోవచ్చు.

నా భయమల్లా కాంట్రాక్టర్ల గురించి. పెద్ద కంపెనీ ఒకడికిస్తుంది, వాడు ఇంకొకడికిస్తాడు, మూడోవాడు మన పిల్లలను పెట్టుకుంటాడు. అందుకే అల్లుడికి చెప్పాను, మొదటి రోజే ఆఫర్ లెటర్ అడుగు, పనిగంటలు రాతలో అడుగు, పీఎఫ్ యూఏఎన్ నంబర్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబర్) అడుగు, ప్రతి నెలా పాస్‌బుక్ ఫోన్‌లో తెరిచి చూసుకో అని.

"అడిగితే తీసేస్తారేమో మామా" అన్నాడు.

"ఒక్కడివే అడిగితే తీసేస్తారు. మీ బ్యాచ్ అంతా కలిసి అడగండి" అన్నాను. పిల్లలతో మాట్లాడి చెప్తానన్నాడు.