రష్యన్ నేర్వడానికి వెళ్ళే మన పిల్లలు పద్యం ఎందుకు వల్లించాలి

రష్యాలో చదువుకోవడానికి సిద్ధమయ్యే విజయనగరం విద్యార్థులు నన్ను కలిసినప్పుడు ముందుగా అడిగేది విభక్తుల గురించే. ఆ భయం పెట్టుకోనక్కరలేదు. రష్యన్‌లో ఉన్నవి ఆరు విభక్తులు. డుమువుల నుంచి సంబోధన దాకా బడిలో అప్పజెప్పిన మనకు, మాట చివర మారితే అర్థం మారుతుందన్న సంగతి కొత్తది కాదు. లింగవచనాలను బట్టి ఆ చివరలు మారే తీరు సాధనతో పట్టుబడుతుంది. మనవాళ్ళను ఏళ్ళ తరబడి వెంటాడే కష్టం మరొకటి ఉంది: మాటలో ఊనిక, అంటే ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, ఎక్కడ పడుతుందన్నది.

రష్యన్‌లో ఊనిక ఏ అక్షరం మీదనైనా పడవచ్చు. పాఠ్యపుస్తకాలు, నిఘంటువుల వంటివాటిలో తప్ప మామూలు పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ దాని గుర్తును అచ్చు వేయరు. అంతేకాక, ఊనిక పడని ఒకారం ఇంచుమించు అకారంగా మారిపోతుంది. పాలను సూచించే మాటలో మూడు ఒకారాలు రాసి ఉంటాయి కానీ పలికేది 'మలకో' అని. నగరాన్ని 'గోరద్' అంటారు, నగరాలు అనేసరికి ఊనిక చివరికి జరిగి అదే మాట 'గరదా' అవుతుంది. రాసినది రాసినట్టు చదివే అలవాటులో పెరిగిన మనం వీటిని ఒక్కొక్కటిగా బట్టీపట్టబోతే అంతు ఉండదు.

దీనికి అక్కడి విశ్వవిద్యాలయాల్లో పాతకాలం నుంచీ వాడుతున్న ఉపాయం పద్యం. రష్యన్ ఛందస్సు మనదానిలా గురులఘువుల మీద కాక ఊనిక మీద నడుస్తుంది. 1735లో త్రెద్యకోవ్‌స్కీ, 1739లో లమనోసవ్ అనే కవులు ప్రతిపాదించిన సంస్కరణలతో ఆ పద్ధతి స్థిరపడడం మొదలయింది. రష్యన్ మహాకవి పుష్కిన్ ఎక్కువగా వాడిన నాలుగు గణాల పాదంలో ఒక్కో గణానికి రెండేసి అక్షరాలుంటాయి. రెండు మూడు అక్షరాల మాటల్లో ఊనిక సాధారణంగా పాదంలోని సరి స్థానంలోనే (రెండు, నాలుగు, ఆరు, ఎనిమిదో అక్షరాల మీద) పడుతుంది కనుక, పాదం నడక పట్టుబడిన విద్యార్థికి మాటను ఎక్కడ నొక్కాలో ఆ పద్యమే చూపిస్తుంది. తప్పు చోట నొక్కితే పాదం అక్కడే విరిగి, చెప్పినవాడి చెవికే ముందు తెలుస్తుంది.

భాష రాని విదేశీ విద్యార్థులు ముందుగా చేరే సన్నాహక విభాగాన్ని అక్కడ అందరూ 'పత్‌ఫాక్' అంటారు. సాధారణంగా ఒక విద్యా సంవత్సరం సాగే ఆ చదువులో వ్యాకరణంతో పాటు పద్యాలు అప్పజెప్పడం కూడా మాకు ఉండేది. పుస్తకం మూసి, లేచి నిలబడి చెప్పాలి. మా అధ్యాపకురాలు, అక్కడి మర్యాద ప్రకారం ఆమెను పేరుకు తండ్రి పేరు చేర్చి పిలిచేవాళ్ళం, బల్ల మీద పెన్సిల్‌తో మెల్లగా తాళం వేసేవారు. ఊనిక తప్పగానే ఆ పెన్సిల్ ఆగిపోయేది. ఆమె ఏమీ అనేవారు కాదు, మేమే పాదం మొదటికి వెళ్ళి మళ్ళీ అందుకునేవాళ్ళం. ఇది నాకు పరాయి పద్ధతి అనిపించలేదు. విజయనగరం పెద్దచెరువు గట్టు మీద నడుస్తూ మా తాతగారు నా చేత వేమన పద్యాలు చెప్పించేవారు. ఎక్కడైనా దీర్ఘం మింగేస్తే "నడక పోయిందిరా, మళ్ళీ చెప్పు" అని ఆగిపోయేవారు. ఇతర దేశాల నుంచి వచ్చిన తోటి విద్యార్థులు కొందరు పద్యం వల్లించడం చిన్నపిల్లల పని అనుకున్నారు. నేను అలా అనుకోలేదు, అందువల్ల నాకు మేలే జరిగింది.

పద్యం వస్తే సంస్కృతి కూడా దగ్గరవుతుంది. పీటర్స్‌బర్గ్‌లో మోయ్కా నది ఒడ్డున 12వ నంబరు ఇంట్లో పుష్కిన్ ద్వంద్వయుద్ధపు గాయంతో 1837లో కన్నుమూశాడు. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఆ ఇంటి గడియారం ఆయన ప్రాణం పోయిన రెండూ నలభై ఐదు దగ్గర నిలిచి ఉంటుంది, ఏటా ఫిబ్రవరి 10న అదే వేళకు జనం ఆ ప్రాంగణంలో చేరతారు. అంత చలిలో నిలబడి ఒక కవిని తలుచుకునే ఆ ఊరివాళ్ళను చూసినప్పుడు, మన ఊళ్ళోని గురజాడ ఇంటి ముందు కూడా పిల్లలు ఆయన ముత్యాల సరాలను నోరారా చెప్పే రోజులు పెరగాలని మనసారా కోరుకున్నాను.

వైద్యవిద్యకు వెళ్ళే పిల్లలకూ నేను ఇదే చెబుతున్నాను, ఎందుకంటే పాఠాలు ఇంగ్లీషులో సాగినా ఆసుపత్రి వార్డులో రోగి మాట్లాడేది రష్యనే. మొదటి ఆరు నెలలు వారానికి ఎనిమిది పాదాలు చాలు. ఊనిక గుర్తులున్న ప్రతిని తీసుకుని, రష్యన్లు చదివిన రికార్డింగు విని, చేత్తో తాళం వేస్తూ పైకి చెప్పండి. అది పూర్తిగా నోటికి వచ్చాక గుర్తులు లేని ప్రతిలో అదే పద్యాన్ని చదవండి. ఆ తర్వాత అందులోని నామవాచకాలను ఒక్కొక్కటిగా తీసుకుని ఆరు విభక్తుల్లో చెప్పుకుంటూ, ఊనిక ఎక్కడికి జరిగిందో పక్కన రాసుకోండి.