గ్లాసులో వేపాకు కషాయం

నిన్న సాయంత్రం బెర్లిన్‌లో సొనెన్‌అలే వీధికి కొత్తిమీర కోసం వెళ్లాను. కొట్టు పెద్దాయనది సిరియాలోని యబ్రూద్. కౌంటర్ మీద చిన్న గాజు గ్లాసు, అందులో సగానికి ఏదో ఆకు పొడి, పైకి ఒక ఇనప గొట్టం. కెటిల్‌లోంచి వేడినీళ్లు పోసుకోవడం, పీల్చడం, మళ్లీ పోసుకోవడం. గోరింటాకు నానబెట్టారేమో అనుకున్నా, నిజంగా!

అది మాతే అట. అర్జెంటీనాలో పండే ఆకు. వాళ్ల తాతగారు అక్కడికి వలస వెళ్లి, ముసలితనంలో తిరిగొస్తూ ఈ అలవాటు వెంట తెచ్చారట. 1989లో అర్జెంటీనా అధ్యక్షుడైన కార్లోస్ మెనెమ్ తల్లిదండ్రులదీ తమ ఊరేనని గొప్పగా చెప్పారు.

నాకు 2015లో యుద్ధం తప్పించుకుని జర్మనీ వచ్చిన సిరియా శరణార్థులే తెలుసు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందే వేలమంది సిరియన్లు దక్షిణ అమెరికా ఓడలెక్కారు. అప్పట్లో సిరియా తుర్కుల ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఉండేది. చేతిలో ఆ కాగితాలు ఉండేసరికి అక్కడివాళ్లు అందరినీ ‘తుర్కో’లు, అంటే టర్కీవాళ్లు, అనేశారు. ఢిల్లీలో మనమంతా ‘మద్రాసీ’లమైనట్టు.

"2024లో మీ అధ్యక్షుడు అసద్ పారిపోయాడు కదా, మీరూ వెళ్లిపోతారా?" అని అడిగేశా. అడక్కుండా ఉండాల్సింది. ఆయన కాసేపు గొట్టంతో ఆకు కదుపుతూ ఉండిపోయారు.

"మనవరాలికి ఇక్కడ బడి ఉంది" అన్నారు చివరికి. ఇంకో గ్లాసు కడిగి, మాతే కలిపి నా ముందు పెట్టారు.

ఒక్క గుక్క తాగా. అచ్చం వేపాకు కషాయం. మొహమాటానికి మొత్తం తాగేశా.

కొత్తిమీర మాత్రం మర్చిపోయా.