కాశీకి వెళ్తూ షంషాబాద్‌లో ఆగాం

మా అత్తయ్యగారు కాశీ వెళ్లాలని ఎన్నేళ్లుగా అనుకుంటున్నారో ఇంట్లో ఎవరికీ లెక్క తెలీదు. ఒక ఏడు ఆడపడుచు పురుడు, ఒక ఏడు కరోనా, ఇంకో ఏడు మామయ్యగారి కంటి ఆపరేషన్. ఏటికేడు వెనక్కి పోతూనే వచ్చింది. ఈ మార్గశిరంలో మాత్రం మా వారు ఎవర్నీ అడక్కుండా టికెట్లు తీసేసి, ఆ తర్వాతే ఇంట్లో చెప్పారు. రాజమండ్రి నుంచి హైదరాబాద్, అక్కడ విమానం మారి వారణాసి. మధ్యలో నాలుగున్నర గంటల ఖాళీ.

ఆ నాలుగున్నర గంటలే నాకు టెన్షన్. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. కుర్చీలో ఎక్కువసేపు కాళ్లు కిందకి వేలాడేస్తే పాదాలు వాచిపోతాయి. మామయ్యగారు డెబ్బై దాటారు. అమ్మాయికి తొమ్మిదేళ్లు, పిల్లాడికి ఏడాదిన్నర. ఇంతమందితో గేటు దగ్గర ఇనుప కుర్చీల్లో పూటంతా ఎలా గడపాలా అని రాత్రి నిద్ర పట్టలేదు. "లాంజ్‌లో కూర్చుందాం, నేను చూసుకుంటానుగా" అన్నారు మా వారు. విమానాశ్రయంలో తిండి పెట్టి, హాయిగా కూర్చోనిచ్చే విశ్రాంతి గదిని లాంజ్ అంటారు.

రాజమండ్రి విమానాశ్రయం మధురపూడిలో ఉంది, అక్కడ బయల్దేరేటప్పుడే ఒక చిన్న ఆటంకం. పూజకని అత్తయ్యగారు పెద్ద సంచీలో ఎండుకొబ్బరి చిప్పలు పెట్టారు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తొందరగా అంటుకుంటుంది కాబట్టి చెకిన్ సామానులో పంపనివ్వరు. తీయించేశారు. కాశీ, ప్రయాగ వెళ్లేవాళ్లు ఇది ముందే గుర్తు పెట్టుకుంటే మంచిది, కౌంటర్ దగ్గర సంచీ విప్పి మళ్లీ కట్టుకునే బాధ తప్పుతుంది. ఆ చిప్పలు మమ్మల్ని దింపిన కారు డ్రైవర్‌కి ఇచ్చేశాం.

మాది ఏటీఆర్ విమానం, పక్కల ఆరు రెక్కల పంకాలు తిరిగే చిన్నది. గంట పైచిలుకు ప్రయాణం. దిగబోయే ముందు కిటికీలోంచి బండరాళ్లు, వాటి మధ్య చెరువులు, చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు కనిపించాయి. మామయ్యగారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు. ఆయనకి తెలిసిన హైదరాబాద్ విమానాశ్రయం బేగంపేటే. వాళ్ల తమ్ముడు మస్కట్ వెళ్లినప్పుడు ఊరి నుంచి జీపు కట్టించుకుని పదకొండు మంది వచ్చారట. లోపలికి రానివ్వరు కదా, బయట కటకటాలు పట్టుకుని నిలబడి, విమానం పైకి లేచాక చెయ్యి ఊపారట. ఆ విమానంలో తమ్ముడున్నాడో లేడో కూడా తెలీదు, అయినా ఊపాం అన్నారు. 2008 మార్చిలో షంషాబాద్ మొదలయ్యాక ఆయన ఇటు రావడం ఇదే.

రెండు విమానాలకీ ఒకటే టికెట్ కావడంతో పెద్ద సామాను నేరుగా వారణాసికే వెళ్తుంది. మేం ట్రాన్స్‌ఫర్ బోర్డులు చూసుకుంటూ నడిచి, మళ్లీ సెక్యూరిటీ చెక్ చేయించుకుని లోపలికి వచ్చేశాం. అంతలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి అత్తయ్యగారి తమ్ముడు ఫోన్ చేశారు. "షంషాబాద్ దాకా వచ్చి ఇంటికి రాకుండా పోతావా అక్కా?" అని ఒకటే నిష్ఠూరం. ఆవిడ కళ్లు చెమర్చాయి. నాలుగున్నర గంటలుంది కదా, వెళ్లి రావచ్చనిపిస్తుంది. కానీ విమానాశ్రయం నుంచి ఊళ్లోకే పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పుణ్యమా అని మెహిదీపట్నం వైపు తొందరగా వెళ్లొచ్చేమో గానీ, దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో పడి, మళ్లీ వచ్చి, మళ్లీ చెక్ చేయించుకుని, చంటి పిల్లాడితో విమానం అందుకోవడం జరిగే పని కాదు. "కాశీ నుంచి రాగానే సమారాధన పెట్టుకుంటాం, నువ్వే ముందు రావాలి" అని చెప్పి ఫోన్ పెట్టేశారు.

లాంజ్‌లోకి వెంటనే వెళ్లలేదు. చాలాచోట్ల రెండు మూడు గంటలకి మించి కూర్చోనివ్వరు. దిగగానే వెళ్లిపోతే భోజనం వేళకి బయటికి రావాల్సి వస్తుంది. అందుకని మొదటి గంట గేటు దగ్గరే కూర్చున్నాం. ఇంట్లో చేసుకొచ్చిన పులిహోర అక్కడే తినేశాం, లాంజ్‌లోకి బయటి తిండి తీసుకెళ్లకూడదు కూడా. ఇల్లు కదిలిన దగ్గర్నుంచి కాశీలో స్నానం అయ్యేదాకా ఉల్లి, వెల్లుల్లి ముట్టనని అత్తయ్యగారి నియమం. అందుకే ఆ పులిహోర.

లాంజ్ ఎలా పనిచేస్తుందో మా ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పడానికి కొంచెం కష్టపడ్డాం. కొన్ని క్రెడిట్ కార్డులు, డెబిట్ కార్డులు ఉన్నవాళ్లకి మూడు నెలలకి ఇన్నిసార్లని లోపల కూర్చోనిస్తారు. ఆ ఖర్చు బ్యాంకు వైపు నుంచి లాంజ్ వాళ్లకి వెళ్తుంది. తలుపు దగ్గర కార్డు గీస్తే మన ఖాతాలోంచి రెండు రూపాయలు పోతాయి, ఆ కార్డు నిజంగా పనిచేస్తోందని తెలియడానికి. కార్డు మీద ఎవరి పేరుంటే వాళ్లే వెళ్లాలి, బోర్డింగ్ పాస్ మీద పేరుతో సరిచూస్తారు. నా కార్డుతో మా అత్తగారిని పంపడం కుదరదు. ఇది తెలిసే మా వారు ఆరు నెలల ముందే తన క్రెడిట్ కార్డు మీద వాళ్లమ్మగారి పేరున ఇంకో కార్డు తీయించారు. ఆడ్-ఆన్ కార్డు అంటారు. అది ఇంటికి వచ్చిన రోజు ఆవిడ కవరు కూడా విప్పలేదు. "నాకెందుకురా ఇది, నువ్వే ఉంచు" అన్నారు.

ఇప్పుడు ఆ కార్డు తీసి చేతికిచ్చారు. ఆవిడ దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నారు. పేరు ఇంగ్లీషులో ఉంది. మా అమ్మాయి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివి వినిపించింది. "నాన్న పేరు కాదు నానమ్మా, తాతయ్య పేరు కూడా కాదు, నీదే" అంది. రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, ఇంటి పన్ను రసీదు, అన్నీ మామయ్యగారి పేరు మీదే ఉంటాయి మా ఇంట్లో. ఆవిడ పేరున ఉన్నవి ఆధార్, ఓటరు కార్డు, ఇప్పుడు ఇది.

రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయిది షాద్‌నగర్ దగ్గర ఊరట, తర్వాత మాటల్లో చెప్పింది. అత్తయ్యగారి కార్డు గీసి, చిన్న స్లిప్ తీసి, "ఇక్కడొక సంతకం పెట్టండి అమ్మమ్మా" అంది. ఆవిడ పెన్ను పట్టుకుని, కొంగు సర్దుకుని, నిదానంగా తెలుగులో పూర్తి పేరు రాశారు. మా వెనక నలుగురు నిలబడి ఉన్నా ఆ అమ్మాయి తొందర పెట్టలేదు.

నాదీ మా వారిదీ అయిపోయాయి. రెండేళ్ల లోపు వాడు కాబట్టి పిల్లాడికి ఏమీ అడగలేదు. మామయ్యగారి పెన్షన్ ఖాతా డెబిట్ కార్డు దగ్గర మాత్రం ఆగిపోయింది. మిషన్ ఒప్పుకోలేదు. ఆ కార్డుకి లాంజ్ సౌకర్యం ఉందనే బ్యాంకువాళ్లు ఇచ్చేటప్పుడు చెప్పారు. మధ్యలో నిబంధన మార్చారట, అంతకు ముందు మూడు నెలల్లో కార్డుతో ఏదైనా కొని ఉండాలట. ఆయన ఆ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీసుకోవడమే తప్ప దుకాణంలో ఎప్పుడూ గీయలేదు. నిబంధన మారినట్టు మాకు ఎవరూ చెప్పలేదు. ఈ మధ్య చాలా బ్యాంకులు ఇలా షరతులు పెట్టాయి. ప్రయాణానికి వారం ముందే యాప్‌లో చూసుకోవాలి, పెద్దవాళ్ల కార్డులైతే మరీను. తలుపు దగ్గర అందరి ముందూ "కాదు" అనిపించుకోవడం పెద్దవాళ్లకి చాలా కష్టంగా ఉంటుంది.

మామయ్యగారి మొహం చిన్నబోయింది. "మీరు వెళ్లండమ్మా, నేనిక్కడ పేపర్ చదువుకుంటా" అన్నారు. ఆ మాట వినగానే అత్తయ్యగారు కూడా సంచీ భుజానికి తగిలించుకున్నారు. "అయితే నేనూ ఇక్కడే కూర్చుంటా." నలభై ఏడేళ్ల కాపురం వాళ్లది. ఆయన బయట కూర్చుంటే ఆవిడ లోపల కూర్చోలేరు, నాకా సంగతి తెలుసు. మా వారు ఇంకో మాట లేకుండా మామయ్యగారికీ మా అమ్మాయికీ డబ్బు కట్టేశారు. మనిషికి వెయ్యి దాటింది. ఖరీదే. అయినా నాకు ఆ ఖర్చు బాధనిపించలేదు.

లోపల దీపాలు తక్కువ వెలుతురుగా ఉన్నాయి. అద్దాల గోడ పక్కన కాళ్లు చాపుకుని వాలే కుర్చీలు రెండు ఖాళీగా దొరికాయి. అత్తయ్యగారిని ఒకదాంట్లో కూర్చోబెట్టి, కాళ్ల కింద శాలువా మడిచి పెట్టాను. అప్పటికే మడమల దగ్గర వాపు మొదలైంది. రెండు నిమిషాలు ఉన్నారో లేదో, లేచి పళ్లాల దగ్గరికి వెళ్లిపోయారు. మామయ్యగారికి ఇడ్లీ పెట్టి, మనవరాలికి దోసె అడిగి, నాకు కాఫీ తెస్తున్నారు. ఇంట్లో ఆవిడ పద్ధతే అంత. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, ఆఖర్న తను. నేను వచ్చి పన్నెండేళ్లయినా ఆ వరస మార్చలేకపోయాను.

ఇందాకటి రిసెప్షన్ అమ్మాయి అటుగా వచ్చి చూసింది. ఆవిడ చేతిలో కప్పు మెల్లగా తీసుకుని, "అమ్మమ్మా, మీరు కూసోండి. ఏం కావాల్నో చెప్పండి, నేను తెచ్చిస్తా" అంది. అత్తయ్యగారు మొహమాటపడుతూ ఉల్లి, వెల్లుల్లి సంగతి చెప్పారు. ఆ పిల్ల విసుక్కోలేదు. వంటగదిలోకి వెళ్లి కనుక్కొచ్చింది. పప్పులో వెల్లుల్లి ఉందట, సాంబారులో ఉల్లిపాయట. బిర్యానీ పక్కన గరిటెలు కలుస్తాయేమోనని ఆవిడ అనుమానం, అది కూడా అర్థం చేసుకుంది. లోపలి నుంచే విడిగా తెల్లన్నం, గిన్నెలో గడ్డపెరుగు, ఒక పళ్లెంలో అనాస ముక్కలు తెచ్చి ముందు పెట్టింది.

అత్తయ్యగారు కూర్చుని తిన్నారు. మేమంతా అటూ ఇటూ తిరుగుతుంటే ఆవిడ ఒక్కరే కాళ్లు చాపుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, ముందుగా తిన్నారు. పన్నెండేళ్లలో మొదటిసారి చూశాను. నాకు ఏదోలా అనిపించి అద్దంలోంచి విమానాల వైపు తిరిగాను.

అనాస ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. ఆవిడ పుట్టిల్లు పాలకొండ. సీతంపేట కొండల మీద పండే అనాసలు గిరిజనులు కావిళ్లతో తెచ్చి సంతలో పోసేవాళ్లట. వాళ్ల నాన్నగారు ముళ్లు గీసి, ఉప్పూ కారం అద్ది, వాకిట్లో అరుగు మీద పిల్లలందరికీ పంచేవారట. "ఆ వాసన మళ్లీ తగిలింది అమ్మాయ్" అన్నారు. ఇంకొంచెం తెమ్మంటారా అని ఆ అమ్మాయి అడిగితే వద్దనలేదు. ఆ తర్వాత ఇంకోసారి ఆవిడే అడిగారు.

పిల్లాడు వేడి పాలు తాగి నా భుజం మీద నిద్రపోయాడు. మామయ్యగారు రన్‌వే మీద లేచే ప్రతి విమానాన్నీ మనవరాలికి చూపిస్తూ రెక్కల మీద రంగును బట్టి ఏ కంపెనీదో చెప్పించుకుంటున్నారు. కార్డు సంగతి మర్చిపోయినట్టే ఉన్నారు. అత్తయ్యగారు కళ్లు మూసుకుని పడుకున్నారు. గంటన్నర తర్వాత చూస్తే మడమల వాపు తగ్గి, మెట్టెలు వదులుగా కదులుతున్నాయి.

మాకిచ్చిన టైము అయిపోయే వేళకి కబురొచ్చింది. ఉత్తరాదిన పొగమంచు వల్ల పొద్దుటి నుంచి విమానాలన్నీ ఆలస్యం, మాదీ గంట లేటు. ఇప్పుడు లేపి బయటికి తీసుకెళ్లాలా అని సంచులు సర్దుతుంటే ఆ షాద్‌నగర్ అమ్మాయి దూరం నుంచే చెయ్యి చూపించి ఆపింది. అప్పటికి జనం పల్చబడ్డారు. "అమ్మమ్మను పండుకోనీయండి. మీ బోర్డింగ్ పడితే నేను చెప్తా" అంది. చెప్పినట్టే వచ్చి చెప్పింది. వెళ్లేటప్పుడు అత్తయ్యగారు సంచీలోంచి కుంకుమ భరిణె తీసి ఆ పిల్లకి బొట్టు పెట్టారు. "నీ పేరున కూడా విశ్వనాథుడికి ఒక బిల్వం వేస్తా తల్లీ" అన్నారు. సంతకం పెట్టిన స్లిప్ తాలూకు రెండో కాగితం ఆ భరిణెలోనే మడిచి పెట్టుకున్నారు.

సెలవులు లేక కాశీలో మూడు నిద్రలే చేశాం. ఆ వివరాలు ఇంకోసారి రాస్తాను. కాశీకి వెళ్తే ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి రావాలి కదా. ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచీ పనస వదలనా, సీతాఫలం వదలనా అని అత్తయ్యగారు తేల్చుకోలేకపోయారు. కేదార్ ఘాట్‌లో స్నానం చేసి, తడిచీరతో మెట్లెక్కి వస్తుంటే మామయ్యగారు తువ్వాలు అందిస్తూ అడిగారు.

"చివరికి ఏం వదిలావు?"

"అనాస" అన్నారు.

"హైదరాబాద్‌లో మూడోసారి అడిగి తెప్పించుకున్నప్పుడే అనుకున్నాను" అన్నారాయన.