పాతిక గంటలు, నేనూ మా వదినా

మాది పాలకొల్లు దగ్గర పల్లె, లూథరన్ సంఘం. పోయిన సెమీ క్రిస్మస్‌కి నేనూ మా వదినా కలిసి చర్చిలో హ్యాండ్‌బెల్స్ వాయించాం. అవేంటి, ఎలా నేర్చుకున్నారు అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు కాబట్టి రాస్తున్నా.

అమెరికాలో మా పిన్ని వాళ్ళ చర్చి కొత్త సెట్టు కొనుక్కుంటే, పాతది పిన్ని అడిగి తీసుకుని రెండు పెట్టెల్లో మోసుకొచ్చింది. రెండు ఆక్టేవులు (స నుంచి పై స దాకా ఒక ఆక్టేవు), అంటే హార్మోనియం నల్ల మెట్ల స్వరాలతో కలిపి 25 గంటలు, ఒక్కో గంటకి ఒక్కటే స్వరం. కంచువే గానీ గుడి గంటలాగా నాలుక అటూ ఇటూ ఊగదు. ముందుకీ వెనక్కీ మాత్రమే కదులుతుంది, ఒక విదిలింపుకి ఒక్కసారే కొడుతుంది. ఇంగ్లండ్‌లో చర్చి గోపురం గంటలు లాగేవాళ్ళు ఊరందరి చెవులూ చిల్లులు పడకుండా ప్రాక్టీసు చేసుకోడానికి ఇలాంటి చేతి గంటలు వాడుకునేవారట. మా వీధిలో మాత్రం మొదటి రోజే పిల్లలు పీచుమిఠాయి అబ్బాయి వచ్చాడనుకుని చిల్లర పట్టుకుని వచ్చేశారు.

మామూలుగా వీటిని వరసగా నిలబడి తలో రెండు మూడు పట్టుకుని వాయిస్తారు. మాకు అంతమంది దొరకలేదు, సార్వా కోతలు. సరే ఇద్దరమే చేద్దాం అనుకున్నాం, తెలియక.

ముందు పాట దగ్గరే ఆగిపోయాం. మన కీర్తనల పుస్తకంలో పాటల మీద రాగం, తాళం రాసి ఉంటాయి కదా, నాకిష్టమైనది ఆనందభైరవిలో ఉంది. గంట గమకం పలకదు, అంటే స్వరాన్ని సాగదీసి ఊపడం దానికి రాదు, స్వరం మీద స్వరం ఠంగుమని పడటమే, ఆ పాట వాయిస్తే పళ్ళు ఊడిన ముసలమ్మ పాడినట్టు వచ్చింది. చివరికి శంకరాభరణంలో ఒకటి, ఇంగ్లీషు క్రిస్మస్ పాట ఒకటి తీసుకున్నాం. గంటలు పెట్టుకోడానికి టెంట్ హౌస్ బల్లలు, వాటి మీద పరుపుల షాపులో కోయించిన నాలుగంగుళాల ఫోము, పైన దుప్పటి. చేతి చెమట తగిలితే కంచు మీద మచ్చ పడుతుంది, మన ఉక్కలో ఇంకా తొందరగా, అందుకని బ్యాండు మేళం వాళ్ళు వేసుకునేలాంటి తెల్ల గ్లౌజులు.

మోగించడం రెండు రోజుల్లో వచ్చేసింది. ఆపడానికే నెల పట్టింది. గంట తనంతట తను ఆగదు, స్వరం పూర్తవగానే దాని అంచుని భుజం కింద మెత్తగా ఆనించి ఆపాలి, లేకపోతే దాని మోత తర్వాతి స్వరంలో కలిసిపోయి గోలగోల. ఆ ఆనించే చోటే నా చీర పిన్ను ఉంది! ఆపిన ప్రతిసారీ టిక్కు, టిక్కు. ఈ శబ్దం ఎక్కడిదా అని నాలుగు రోజులు గంటల్ని తిప్పి తిప్పి చూశాం. తర్వాత పిన్ను వెనక్కి మార్చా, గాజులు తీసేశా. "బోసి చేతులతో స్టేజీ ఎక్కుతావా" అని మా అమ్మ గొడవ, అది వేరే కథ.

ఇంకో తంటా ఎఫ్ గంట, అంటే ఇంగ్లీషు సంగీతంలో ఎఫ్ అనే స్వరం పలికేది. బరువైనవి ఎడమ పక్క వదినకి, చిన్నవి కుడి పక్క నాకు, ఎఫ్ మాత్రం ఇద్దరికీ కావాలి. తను వాయించి పెడితే నేను తీసుకోవాలి. ఎక్కడ పడితే అక్కడ పెట్టేది. "వంటింట్లో ఉప్పు డబ్బా కూడా ఇలాగే పెడతావు వదినా" అని నేను, "చూడకుండా చెయ్యి చాపితే నేనేం చెయ్యనమ్మాయ్" అని తను. చివరికి దుప్పటి మీద చాక్‌పీసుతో ఒక సున్నా గీశాం. ఎఫ్ ఇల్లు అదే. తర్వాత గొడవ లేదు.

ఆ రోజు సాయంత్రం మైకుల దగ్గర సౌండ్ అబ్బాయికి చెప్పా, బాబూ, ఎకో అస్సలు వద్దు, మేం ఆపిన శబ్దం ఆగిపోవాలి అని. "ఆయ్, తీసేసానండి" అన్నాడు. నిజంగానే తీశాడు, మొదటి పాట హాయిగా వెళ్ళిపోయింది. ముందు వరసలో పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. రెండో పాట మూడో చరణంలో నా గంట భుజానికి ఆనించాను, అయినా మోగుతోంది. మళ్ళీ గట్టిగా నొక్కా. ఇంకా మోగుతోంది! ఒక్క క్షణం గంట పాడైందనుకున్నా, తర్వాత అర్థమైంది, ఎకో పెట్టేశాడు. చేతులు ఖాళీ లేవు, సైగ కూడా చెయ్యలేను. వదిన నా వైపు చూసి తల నెమ్మదిగా ఊపుతూ లయ తగ్గించేసింది. నేనూ తగ్గా. ప్రతి లైను చివరా ఒక దెబ్బ ఖాళీ వదిలాం, ఆ రొద కాస్త చల్లారనిచ్చి తర్వాతిది ఎత్తుకున్నాం. ఎఫ్ సరిగ్గా సున్నాలోకే వచ్చింది, నేను చూడకుండానే అందుకున్నా. మూడు నిమిషాల పాట అయిదు నిమిషాలకి దగ్గరైంది. "ఆ రెండోది భలే గంభీరంగా వాయించారమ్మా" అని పాస్టరు గారు మెచ్చుకున్నారు, మేం కాదనలేదు.

గంటలు తుడిచి పెట్టెలో సర్దుకుంటుంటే సౌండ్ అబ్బాయి వైర్లు చుట్టుకుంటూ వచ్చాడు. ఎందుకు పెట్టావయ్యా అని అడిగా.

"కొంచెమేనండి అక్కా. లేకపోతే ఉత్త గంటల్లా వినిపిస్తున్నాయండి."