పసి కోడిపిల్లలు పట్టిచ్చిన పదార్థం

ఏదో గింజలో కొత్త పదార్థం దొరికిందనీ, అది ఫలానా జబ్బుకు మందనీ వార్త వస్తే నేను మొదట వెతికేది ఒకటే. దాన్ని ఏ ప్రాణికి ఇచ్చి చూశారు, ఆ ప్రాణి వయసెంత? ఉస్మానియాలో బయోకెమిస్ట్రీ చదివిన రోజుల్లో కేసరి పప్పు గురించి విన్నప్పటి నుంచి నాకీ అలవాటు.

మనవైపు కేసరి పప్పు అంటే కందిపప్పులోనో శనగపిండిలోనో కలిపే కల్తీ సరుకు. ఛత్తీస్‌గఢ్ రైతులకు మాత్రం అది సొంత పంట. వరి కోతకు ముందే, మడిలో తడి ఉండగా గింజలు చల్లేస్తారు. ఎరువు లేకపోయినా, నీళ్లు పెట్టకపోయినా పండుతుంది. కరువులో మిగతావన్నీ ఎండిపోతే చేతికొచ్చేది ఇదొక్కటే. అందుకే పేదవాళ్లు నెలల తరబడి దీన్నే తిన్నారు. వాళ్లలో కొందరికి, ముఖ్యంగా ఒళ్లొంచి పనిచేసే కుర్రాళ్లకు, కాళ్లు బిగుసుకుపోయాయి. తెలివీ మాటా బాగానే ఉంటాయి, నడక మాత్రం మళ్లీ మామూలు కాదు. దీన్నే లాథిరిజం అంటారు.

కారణం వెతికినవాళ్లు చాలాకాలం పక్కదారిలో నడిచారు. పూల కోసం పెంచే స్వీట్ పీ కేసరికి దగ్గరి చుట్టం. దాని గింజలు తిన్న ఎలుకల వెన్నెముక వంగిపోయింది. అందులోని దోషి బీటా అమైనో ప్రొపియోనైట్రైల్ అని 1954లో తేలింది. ఎముకలకు పట్టునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు ఒకదానితో ఒకటి ముడిపడకుండా అది అడ్డుపడుతుంది. మంచి ఆవిష్కరణే. కానీ కేసరి పప్పులో ఆ పదార్థం లేదు, మనుషులకు వచ్చినదేమో ఎముకల జబ్బు కాదు, నరాల జబ్బు.

అసలు పదార్థం 1964లో దొరికింది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ దాన్ని వేరుచేశారు. అదే ఏడాది ఢిల్లీలో శేషాద్రి బృందమూ అక్కడికే చేరింది. ఆ పదార్థాన్ని ఇప్పుడు ఓడాప్ అని పిలుస్తున్నాం. పసి కోడిపిల్లలకు సూదితో ఎక్కిస్తే మెడ వెనక్కి విరిచి కొట్టుకున్నాయి. ఎదిగిన జంతువులకు అదే ఎక్కిస్తే మామూలుగా ఏమీ కాదు, ఎందుకంటే రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ దాన్ని ఆపేస్తుంది. పసి ప్రాణుల్లో ఆ గోడ ఇంకా గట్టిపడదు. పెద్ద ఎలుకలతోనే సరిపెట్టుకుని ఉంటే ఓడాప్‌ను ఏ హానీ లేని అమైనో ఆమ్లమని రాసి పక్కన పెట్టేసేవాళ్లు! నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

అది చేసే పని కూడా ఇప్పుడు తెలుసు. నరకణాల మధ్య కబుర్లు మోసే గ్లుటమేట్ పోలికలు ఓడాప్‌కు ఉన్నాయి. నరకణం మీద గ్లుటమేట్ కూర్చునే చోట ఇది కూర్చుంటుంది. కాలింగ్ బెల్ మీద పెట్టిన వేలు తీయనట్టు కణం ఆగకుండా ఉద్రేకపడి చివరికి చచ్చిపోతుంది.

అయితే అదే ఓడాప్ జిన్సెంగ్ జాతి వేళ్లలోనూ ఉంది. రక్తస్రావం ఆపడానికి చైనా వైద్యులు వాడే వేళ్లవి, అక్కడ ఈ పదార్థాన్ని డెన్సిచిన్ అంటారు. కేసరి పప్పులోనే 1963లో రావు గారి బృందం హోమోఆర్జినిన్ అనే మరో అమైనో ఆమ్లాన్నీ పట్టుకుంది. దాన్ని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010 నుంచి యూరప్ పరిశోధనల్లో, రక్తంలో అది తక్కువున్నవాళ్లలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని కనబడింది. అంతమాత్రాన కేసరి పప్పు గుండెకు మందు అని ఎవరూ ఫార్వర్డ్ చేయకండి, దయచేసి. రక్తంలో తక్కువుండటం వేరు, బయటి నుంచి తింటే మేలు జరగడం వేరు. రెండోది మనుషుల్లో రుజువు కావాలి.

మన దేశంలో ఈ పప్పు అమ్మకాన్ని నిషేధించింది 1961లో, అంటే ఓడాప్ పేరు కూడా తెలియకముందు. ఆకలి జనాన్ని చూసి తీసుకున్న ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. ఇప్పుడు రతన్, ప్రతీక్, మహాతియోరా లాంటి ఓడాప్ తక్కువ రకాలొచ్చాయి. ఓడాప్ నీళ్లలో కరుగుతుంది, కాబట్టి నానబెట్టి, ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే చాలావరకు పోతుంది కూడా. కానీ మొక్కకు నీటి ఎద్దడి వస్తే గింజలో ఓడాప్ పెరుగుతుంది. కరువు ఏడాదిలోనే జనం దీన్ని ఎక్కువగా తింటారు కదా. అందుకే రకం పేరు చూసి నమ్మకుండా, మార్కెట్‌కు వచ్చే ప్రతి లాట్‌లోనూ ఓడాప్ ఎంతుందో కొలిచాకే అమ్మనివ్వాలని నేనంటాను.