పార అడుగున, పులిహోర పైన

బ్యాగ్ కొన్న రోజే మా ఆయన అన్నాడు, "ఇది మరీ చిన్నదేమో చూసుకో" అని. నేను వినలేదు. షాపులో కుర్రాడు స్కీ టూరింగ్‌కి, అంటే లిఫ్ట్ ఎక్కకుండా మంచు కొండ కాళ్లతోనే ఎక్కి స్కీల మీద జారుతూ దిగడానికి, 20 లీటర్లు బోలెడు అన్నాడు, ధర 90 డాలర్లే, పైగా వీపుకి అతుక్కుని ఉంది, రిసార్టుల్లో కొండపైకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్ట్‌లో కూర్చుంటే అడ్డం రాదు. అసలు బరువు మోస్తూ కొండెక్కడమంటేనే నాకు చిరాకు. అలిపిరిలో సామాను కింద కౌంటర్లో ఇచ్చేసి 3,550 మెట్లూ చేతులూపుకుంటూ ఎక్కినదాన్ని.

ఫిబ్రవరిలో ఓ శనివారం సియాటెల్ దగ్గరి బోథెల్ నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. ఎల్బ్, ఆష్‌ఫర్డ్ దాటి, మౌంట్ రెయినియర్ నేషనల్ పార్కు గేటు దగ్గర కారుకి 30 డాలర్లు కట్టి, లాంగ్‌మైర్ దగ్గర పైరోడ్డు తెరిచేదాకా కార్ల వరసలో గంటకు పైగా కూర్చున్నాం. అంత డబ్బు తీసుకుని ఎప్పుడు తెరుస్తారో కూడా చెప్పకపోతే ఒళ్లు మండదా? కొండెక్కడం మొదలుపెట్టే ప్యారడైజ్‌లో పార్కింగ్ కోసం ఇంకో అరగంట.

కారు పక్కన నిలబడి బ్యాగ్ సర్దుతుంటేనే తెలిసిపోయింది. చలి కోటు, ఫ్లాస్కులో అల్లం టీ, రెండో జత గ్లవ్స్, గాగుల్స్, పులిహోర డబ్బా. ఇవన్నీ పట్టాలంటే, మంచు చరియ కింద ఎవరైనా కూరుకుపోతే తవ్వడానికి తెచ్చుకునే పార రేకుని అడుగున పరచాలి, పిడిని పక్కన దూర్చాలి, మంచులో గుచ్చి మనిషిని వెతికే మడత కడ్డీ, ప్రోబ్‌ని వీపు వైపు దోపాలి. హెల్మెట్‌కి లోపల చోటు లేదు, బయట వలా లేదు, పట్టీకి వేలాడదీస్తే అడుగడుక్కీ నడుముకి కొట్టుకుంటూనే ఉంది. మా ఆయన స్ప్లిట్‌బోర్డ్‌ని, అంటే నిలువునా రెండుగా విడిపోయే స్నోబోర్డ్‌ని, రెండు ముక్కలు చేసి, కింద స్కిన్స్ అనే పట్టీలు అంటించుకుని ముందు నడిచాడు. స్కిన్స్ ముందుకు జారనిస్తాయి, వెనక్కి జారనివ్వవు. ఆ నడక భలే ఉంటుంది, మంచు మీద సర్‌సర్‌మని ఒకటే చప్పుడు.

పానరామా పాయింట్ కింద వాలు నిటారుగా మారే ముందు ఆగాం. పులిహోర రాయిలా గట్టిపడిపోయింది. అక్కడే ఒకావిడ, అరవై దాటి ఉంటాయి, వెనకొస్తున్న స్నేహితుల కోసం ఆగి ఉంది. నేను డబ్బాని మళ్లీ బ్యాగ్‌లోకి కుక్కడానికి పడే అవస్థ చూసి, "మీ పార ఎక్కడుంది?" అని అడిగింది. లోపలుంది అన్నాను. "ఒక పని చేద్దామా? ఆయన మంచు కింద ఉన్నాడనుకోండి. పార, ప్రోబ్ తియ్యండి" అని గడియారం చూసుకుంది.

గ్లవ్స్‌తో నడుం బకిల్ ఊడలేదు, గ్లవ్ తీశాను. డబ్బా తీశాను, ఫ్లాస్కు తీశాను, కోటు లాగితే దాంతో పాటు గాగుల్స్ వచ్చి మంచులో పడ్డాయి. పిడి దొరికింది, రేకు రాలేదు. బ్యాగ్ బోర్లించాల్సి వచ్చింది. ఎదురుగా నిలబడి మా ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. పార బిగించి, ప్రోబ్ విప్పేసరికి దాదాపు రెండు నిమిషాలు.

ఆవిడ తన బ్యాగ్ చూపించింది. ముందు వైపు విడిగా ఒక జిప్, అందులో పార, పిడి, ప్రోబ్, ఇంకేమీ లేవు. వీపు వైపు జిప్ తెరిస్తే మిగతావన్నీ కనిపిస్తాయి, దేనికోసం దేన్నీ తియ్యక్కర్లేదు. పది నిమిషాల్లోపు తవ్వి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారనీ, అరగంట దాటితే మూడో వంతే మిగులుతారనీ మెల్లగా చెప్పింది. బీకన్, అంటే మంచు కింద పడ్డవాళ్లు ఎక్కడున్నారో సిగ్నల్‌తో పట్టిచ్చే పరికరం, బ్యాగ్‌లో లేదు కదా అని కూడా అడిగింది. లేదు, ఒంటికే కట్టుకున్నాను. బ్యాగ్ ఊడి కొట్టుకుపోయినా అది మనతో ఉండాలని క్లాసులో నేర్పారు.

ఆ రోజు ఇంక పైకి వెళ్లలేదు. ఆ రోజుకి అవలాంచ్ (మంచు చరియలు విరిగిపడే) ప్రమాదం మోడరేట్, అంటే ఓ మోస్తరు, అనే ఇచ్చారు, చాలామంది వెళ్తూనే ఉన్నారు, కానీ నాకు కాళ్లాడలేదు. చెట్ల మధ్య తక్కువ వాలులో రెండుసార్లు దిగి కారు దగ్గరికొచ్చేశాం. దారంతా నా మీద నాకే కోపం, ఆ షాపు మీద ఇంకా కోపం. అది లిఫ్టులున్న రిసార్టుల్లో నీళ్లసీసా, జాకెట్ పెట్టుకునే బ్యాగ్. టూరింగ్‌కి అని అడిగిన మనిషికి దాన్ని అంటగట్టడం తప్పు. వాడిన బ్యాగ్ వాపసు తీసుకోం అన్నారు కూడా.

తర్వాతి వారం నా పార, ప్రోబ్, స్కిన్స్, హెల్మెట్ సంచిలో వేసుకుని వేరే షాపుకి వెళ్లాను. గ్లవ్స్ వేసుకుని ఒక్కో బ్యాగ్‌లో సర్ది, తీసి, మళ్లీ సర్ది చూశాను. ఒకదాంట్లో పార జేబు ఉంది కానీ నా పార పిడి పట్టలేదు. ఒకదాంట్లో నీళ్ల గొట్టానికి చోటుంది, ఈ చలికి గొట్టంలో నీళ్లు గడ్డకడతాయి, నాకెందుకు? చివరికి 30 లీటర్లది తీసుకున్నాను. స్కీలు ఏటవాలుగా కట్టుకోవచ్చు, హెల్మెట్‌కి వల ఉంది, బకిల్ గ్లవ్స్‌తోనే ఊడుతుంది. 190 డాలర్లు, మన డబ్బుల్లో పదహారు వేల పైమాటే. గుండె కలుక్కుమంది, అయినా కొన్నాను.

రాత్రి హాల్లో కార్పెట్ మీద కూర్చుని, నిండా సర్దిన బ్యాగ్‌లోంచి గ్లవ్స్‌తో పార, ప్రోబ్ తీశాను. ముప్ఫై ఒక్క సెకన్లు. మా ఆయన ఫోన్‌లో టైమర్ మళ్లీ సున్నాకి తెచ్చి, "ఇంకోసారి" అన్నాడు.